దిమ్మె పట్టినోడు

చిద్రి రోడ్డు మీద బర్నబా షెడ్డుకు బోర్డు లేదు. "నా చెయ్యే నా బోర్డు" అంటడు ఆయన. అరవై తొమ్మిదేండ్ల మనిషి. బండ్ల రేకులు సాపు చేసుడు ఆయన పని. సొట్ట పడ్డ బండి ఆయన కాడికి వస్తే పుట్టినప్పటి మొఖంతోని తిరిగి పోవాలె. చదువు రెండో తరగతి కాడ ఆగింది. బ్యాంకుల సంతకం లేదు, వేలిముద్రనే. ఆ బొటనవేలు సుత బీదర్ల ఇంకొకటి లేదు. చిన్నప్పుడు రేకు కోసి నడిమిట్ల చీలింది. అతుకుపడ్డది గని గోరు రెండు గోర్లుగ మొలిచింది. ముద్ర ఏస్తే నడుమ తెల్లగ ఒక గీత పడ్తది. పేరు చదవకుండనే, ఆ గీత చూసి బ్యాంకు పిల్లలు "బర్నబా తాతది" అంటరు. దానికి సుత ఆయనకు గర్వమే.

కండ్లు మూసుకొని రేకు మీద అరచెయ్యి జరుపుతడు. జొన్నగింజంత మిట్ట ఉన్నా చెయ్యి ఆగుతది. రేకును సుత్తెతోనే సాపు చెయ్యాలె, సొట్టల లప్పం మెత్తి పైన రంగు కొట్టెటోడు దొంగ అని ఆయన మాట. "లప్పం రుద్దుకోవాలంటే ఊర్ల గోడలు లేవా, బండి ఎందుకు?" అని గిరాకి మొఖం మీదనే అంటడు. ఇంకొక గుణం ఉన్నది. మర్వడు. ముప్పై ఏండ్ల కింద ఒక పెండ్లిల తన పళ్లెంల మాంసం లేని బొక్కలే ఏసినోని ఇంటి దిక్కు ఇప్పటికీ చూడకుండ నడుస్తడు.

ఆ బుధవారం పొద్దుగాల కమఠాణ నుంచి శివానంద్ వచ్చిండు. ముప్పై ఏండ్ల పిలగాడు, పొలమున్నోడు. ట్రాక్టర్ ట్రాలీల, తాడిపత్రి పట్టా కింద, ఒక కారు తెచ్చిండు.

తాడిపత్రి గుంజితే రెండు సీట్ల పాత బండి. ఇంగ్లండ్‌ల పుట్టింది, పందాలకని చేసిన మాల్. నేలకు ఒరుసుకునేటంత కిందికి, పొడుగు ముక్కు, పైకప్పు లేదు. ఎర్రరంగు వెలిసి ఎండిన మిరపతొక్క లెక్క అయింది. ఇరవై ఐదేండ్లు సోయా బస్తాల నడుమ పడి ఉండె, ఎలుకల వాసన ఇంకా పోలే.

"ఇంట్ల రెండు మాటలు నడుస్తున్నయ్ మామ" అన్నడు శివానంద్. "రింగ్ రోడ్డు మీద షెడ్డు పెట్టిన మోహన్ అన్న మాడిఫై చేద్దమంటడు. ఈ మడ్‌గార్డులు కోసి పారేసి ఫైబర్‌వి పెడ్తడట. వెడల్పు టైర్లు, కొత్త ఇంజిన్, ఏసీ, పాటల డబ్బాలు. బారాతులకు తిప్పితే పెండ్లికొడుకులు లైన్ కడ్తరట. మా ఇంటామె భాగ్యజ్యోతి సుత అదే పాట. నాకేమో మా నాయిన నడిపినప్పుడు ఎట్ల ఉండెనో అట్ల రీస్టోర్ చేయించాలె అని ఉన్నది. రేకుల పానం ఉన్నదా లేదా మీరు చెయ్యి పెట్టి చెప్పుండ్రి. మీరు ఏదంటే అది."

"మీ నాయిన ఎవరు బిడ్డా?" ఎరుక లేనట్టే అడిగిండు బర్నబా.

"కమఠాణ గంగాధర్. మీ కాడికి వచ్చెటోడట గద."

బర్నబా చెయ్యి అప్పటికే ఎడమ దిక్కు ముందటి మడ్‌గార్డు మీద ఉన్నది. అది అక్కడనే ఆగింది. రేకు చేతికి ఒక తీరు తెలుస్తది. లప్పం ఇంకొక తీరు, చచ్చిన తోలు లెక్క. ఇక్కడ రెండు వేళ్ల మందం లప్పం ఉన్నది. అది ఎవరు మెత్తిండ్రో ఆ చేతికి ఎరుకే.

ఇరవై ఆరేండ్ల కిందటి మాట. అప్పుడు బర్నబా ఒక్కడు కాదు, ఇద్దరు. పెండ్లాం ప్రేమమ్మ తమ్ముడు ఎజ్రా ఆయనతోని పని చేస్తుండె. లోతు సొట్ట ఒక్కని చేత కాదు. చక్రం విప్పి ఒకడు మడ్‌గార్డు కింద కూసోవాలె. చెయ్యి లోపలికి జొనిపి, పిడికెడు ఇనుప దిమ్మెను సొట్ట ఎన్కకు ఆనించి పట్టాలె. ఇంకొకడు బయట నుంచి సుత్తె కొట్టాలె. దిమ్మెకు, సుత్తెకు నడుమ రేకు సాపయితది. లోపలోనికి బయటోడు కనపడడు, చప్పుట్ల మాట వినపడది. అందుకని బర్నబానే ఒక కాయిదా పెట్టిండు. లోపలోడు దిమ్మెతోని ఒక్కసారి తడితే, కొట్టు అని. రెండుసార్లు తడితే, పక్కకు జరుగు. మూడుసార్లు తడితే, చెయ్యి తీస్తున్న అని. మూడుకు బయటోడు సుత్తెతోని ఒక్కటి జవాబు కొట్టాలె. జవాబు వచ్చేదాక లోపలోడు చెయ్యి కదిలియ్యొద్దు. లేకుంటే వేళ్లు పోతయ్. పద్దెనిమిదేండ్లు ఎజ్రా లోపల, బర్నబా బయట. పేరు మాత్రం బయటోనిదే.

ఆ ఏడు గంగాధర్ ఈ బండిని మోరికి గుద్దిండు. చెల్లె పెండ్లి, ఆదివారానికి కావాలె అన్నడు. ఎజ్రా కామెర్లతోని మంచంల పడి ఉండె. "ఎజ్రా లేంది నాతోని కాదు, ఆగు" అనే మాట బర్నబా నోట్లకెల్లి రాలె. ఒక్కన్నే చేస్త అన్నడు. చేతకాలె. షట్టర్ దించుకొని సొట్ట నిండ లప్పం మెత్తిండు. పొర మీద పొర, బొటనవేలుతోని అదుముకుంట.

నెల తిరగకముందే ఎండకు పగిలి పెద్ద పెళ్ల ఊడింది, నడిబజార్ల, అందరు చూస్తుండంగ. గంగాధర్ పదిమందిని ఏసుకొని వచ్చిండు. అప్పటికి ఎజ్రా కోలుకొని పనికి వచ్చి ఉండె. "బర్నబా! లప్పం ఎవడు పెట్టిండు?"

బర్నబా ఎజ్రా దిక్కు వేలు చూపించిండు.

ఎజ్రా బావ మొఖం ఒక్కసారి చూసిండు. చేతిల దిమ్మె కింద పెట్టి ఎళ్లిపోయిండు. ఆనాటి సంది బీదర్ల ఆయన పేరు లప్పం ఎజ్రా. ఏ షెడ్డుల సుత చెయ్యి పెట్టనియ్యలె. ఆయన కొడుకు ఈ మోహనే. వాన్ని బడిల లప్పం మోహన్ అన్నరు. మూడేండ్ల కింద ఎజ్రా చచ్చిపోతే బర్నబా మట్టికి సుత పోలే. జరం అన్నడు. విచిత్రం ఏందంటే, ఇన్నేండ్లు మొఖం తిప్పుకున్నది ఎజ్రా కాదు, బర్నబానే. తప్పు చేసినోనికి ఉండే కోపం వేరే ఉంటది. దానికి ఆకలి ఎక్కువ.

గంగాధర్ ఆ పెళ్ల ఊడిన కాడ ఇంకొకనితోని పూత పూయించి, మనసు విరిగి, బండిని పొలం కాడి తన షెడ్డుల నూకిండు. కింది పొరలు అట్లనే ఉన్నయ్. పొర పొరకు రెండు గోర్ల ముద్ర.

"ఏమైంది మామ?" అన్నడు శివానంద్. "రేకు పాడయిందా? రేపు మోహన్ అన్న వచ్చి గీకి చూస్త అన్నడు, కింద లప్పం ఎంత ఉన్నదో."

బర్నబా చెయ్యి ఎన్కకు తీసుకున్నడు.

"కోసెటోనికి గీకుడెందుకు? కొయ్యొద్దు. రీస్టోరే చెయ్యాలె. ఈ రేకు పానంతోని ఉన్నది."

"మరి మోహన్ అన్న..."

"వాడు బండ్లకు గాజులు తొడిగెటోడు. వాని మాట నాకు చెప్తవా?" బర్నబా గొంతు లేచింది. "ఈ ఎడమ మడ్‌గార్డు ఈ పూటనే చేస్త. రేపు పొద్దుగాల వచ్చి చూడు. నచ్చితే బండి మొత్తం నాది. నచ్చకుంటే వాని కాడికి గుంజుకపో, నేను మాట్లాడ."

"ఒక్కరే ఎట్ల చేస్తరు మామ? లోపల పట్టెటోడు ఉండాలె గద?"

"నాకు ఎవడు అక్కర లేదు."

*

పగటీలి బువ్వ యాళ్లకు మంగల్‌పేటల ఇంట్ల ప్రేమమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. కారు సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. బీదర్ల మాటకు కాళ్లు ఉంటయ్.

"గంగాధర్ బండి వచ్చిందట."

"వచ్చింది."

"ముట్టకు."

"ఎందుకు ముట్టద్దు? రోడ్డు మీది కుక్కనా అది?"

ఆమె రొట్టె పెనం మీదికెల్లి తీసి ఆయన పళ్లెంల ఏసింది. ఏసినంక అట్లనే నిలబడ్డది. "వాడు ఆ వారం మన ఇంట్లనే పండుకొని ఉండె. ఈ మూలకు. నేల ఉసిరాకు నూరి, మజ్జిగల కలిపి, పూటపూటకు నేనే తాపిన. లేచి నిలబడెతందుకు పానం లేకుండె వానికి. షెడ్డుకు ఎప్పుడొచ్చిండు, లప్పం ఎప్పుడు పెట్టిండు?"

బర్నబా చేతిల రొట్టె ముక్క ఆగింది. ఇరవై ఆరేండ్లు ఒక్క కొంపల ఉండి, ఒక్క పొయ్యి కూడు తిని, ఈ మాట ఇదే మొదలు.

"తెలిసి... ఎందుకు అడగలె?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన" అన్నది ప్రేమమ్మ. "మొదట నాకు చెప్తవు అనుకున్న. తర్వాత వానికి చెప్తవు అనుకున్న. మట్టినాడన్న వచ్చి ఆ పెట్టెకు చెప్తవు అనుకున్న." పెనం దించింది. "ఇప్పుడు ఆ పిల్లగాడు మోహన్‌కన్న చెప్పు. లప్పం అనే పేరు ఆడికన్న తెగనియ్యి."

"కూర చప్పగ ఉన్నది" అన్నడు బర్నబా. చెయ్యి కడుక్కొని లేచిండు.

*

షెడ్డుకు వచ్చేసరికి మబ్బు దిగింది. పట్టపగలే చీకటి లెక్క. షట్టర్ మూరెడు సందు ఉంచి కిందికి గుంజి, ఎడమ చక్రం విప్పి, జాకీ మీద నిలబెట్టిండు. ఉలి తీసుకున్నడు.

పై పూత పెచ్చులుగ లేచింది. దాని కింద బూడిదరంగు లప్పం. ఒక్కొక్క పొర పగిలి అరచెయ్యంత పెళ్లలుగ ఊడుతుంటే, ఎన్క దిక్కు తిప్పి చూసిండు. ఉన్నయ్. నిన్న అదిమినట్టే ఉన్నయ్. వేలిముద్రలు, నడుమ గీత. ఎన్నో కండ్లు ఒక్కసారి తెరిచి ఆయన్ని చూస్తున్నట్టు. ఒక్కటి సుత మిగలనియ్యొద్దు. బొక్కెనల ఏసి సుత్తెతోని పొడి పొడి చేసిండు. షెడ్డు ఎన్కకు మోరిల పోసిండు. వాన మొదలయింది, మోరి తెల్లగ పారింది. ఆయన గుండెల మీది బండ దిగినట్టు అయింది. ఇగ మోహన్ గీకితే ఏం దొరుకుతది? ఏం లేదు.

ఇప్పుడు సొట్ట మిగిలింది. చెంబంత లోతు, మొద్దుబారిన సొట్ట.

లోపలికి ఎడమ చెయ్యి జొనిపి దిమ్మె ఆనించిండు, కుడి చేత సుత్తె పట్టిండు. చెయ్యి అందలె. చెంప రేకుకు ఒత్తి, భుజం ఇరికించి, ఇంకొంత జొనిపిండు. సుత్తె కొడితే డబ్ డబ్ అని బోలు చప్పుడు. రేకు వంగలె, లేవలె. దిమ్మె చేతిల జారుతున్నది. గంట కొట్టిండు. రెండు గంటలు కొట్టిండు. మడిమెలు గుంజుతున్నయ్. పొద్దుగూకె యాళ్లయింది, మసీదుల అజా వినపడ్డది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి దిమ్మె కింద పడ్డది. ఆయన దాన్ని తియ్యలె. నొసలు రేకుకు ఆనించి అట్లనే నిలబడ్డడు. ఇరవై ఆరేండ్ల కింద సుత ఇదే తీరు, ఇదే మూలకు, ఇట్లనే నిలబడ్డడు.

అప్పుడే కరెంటు పోయింది.

పైన రేకుల మీద వాన. షట్టర్ కింది సందుల నుంచి తడి మట్టి వాసన. చీకటి ఎంత చిక్కగ ఉన్నదంటే, తన చేతిల సుత్తె తనకే కనపడలె. బ్యాటరీ లైటు ఏ మూలకు పెట్టిండో మతికి రాలె. ఆయనకు ఏడుపు రాలె గని కోపం వచ్చింది. రేకు మీద కోపం, చేతి మీద కోపం, ఎజ్రా మీద కోపం. చీకట్లనే సుత్తె లేపి సొట్ట మీద ఒక్కటి కొట్టిండు.

ఠంగ్.

బోలు చప్పుడు కాదు. నిండు చప్పుడు. లోపల దిమ్మె ఆనితేనే వచ్చే చప్పుడు. మనసుకు తెలిసే ముందల చేతికి తెలిసింది. అరచెయ్యి జరిపి చూసిండు. సొట్ట అంచు గోరంత లేచింది.

లోపలికెల్లి... టక్.

ఒక్కటి. కొట్టు అని.

పద్దెనిమిదేండ్ల అలవాటు మనిషిని అడగది. ఆయన చెయ్యి కొట్టింది. ఠంగ్. టక్. ఠంగ్. టక్. టక్, టక్. ఆయన పక్కకు జరిగిండు. ఠంగ్. ఆహా, రేకు ఎట్ల వింటున్నది! మైనం లెక్క. కండ్లు మూసుకున్నడు. తెరిచినా అదే చీకటి. ఎంత యాళ్ల కొట్టిండో తెల్వది. ఇన్నేండ్లల్ల ఏ బండి మీద రాని సుఖం చేతులల్లకు వచ్చింది. లోపలోడు ఎక్కడ ఎంత ఒత్తాలెనో అంతే ఒత్తుతున్నడు. ఎంత మంచి చెయ్యి, అనుకున్నడు బర్నబా. ఎంత మంచి చెయ్యి...

కాలు జరిపిండు. బొటనవేలికి ఏదో చల్లగ తగిలింది.

వంగి తడిమిండు. దిమ్మె.

తన దిమ్మె. కింద పడ్డది పడ్డట్టే ఉన్నది.

టక్.

ఆయన కదలలె. సుత్తె పైననే ఆగింది.

టక్.

అప్పుడు వచ్చింది వాసన. పచ్చి ఆకు నూరినట్టు. పులిసిన మజ్జిగ. చేదు... నేల ఉసిరాకు. పాత జరపు చెమట దాంట్ల కలిసి ఉన్నది. ఆ వాసన చక్రం విప్పిన సందుల నుంచి, కింది నుంచి, మెల్లగ పైకి వస్తున్నది.

"ఎవరు?" అన్నడు బర్నబా. 

టక్... టక్... తొందరపడి టక్టక్ అని కాదు. ఓపికతోని. ఒక్కొక్కటి. కొట్టు. కొట్టు. కొట్టు.

కిందికి వంగి చూడాలంటే చూడచ్చు. మోకాలెత్తుల సందు, అంతే. ఆయన వంగలె. వంగకుండ సుత్తె దించిండు. ఠంగ్. పండ్లు కరుచుకొని కొట్టిండు. ఆపితే లోపలోడు బయటికి వస్తడేమో అని కొట్టిండు. వేళ్ల సందుల చెమట. సుత్తె కట్టె జారుతున్నది. టక్. ఠంగ్. టక్, టక్. ఠంగ్. కడపటి మిట్ట సుత అణిగింది. రేకు సాపయింది.

నిశ్శబ్దం.

వాన సుత ఆగింది, ఎవరో చెప్పినట్టు.

టక్. టక్. టక్.

మూడు. చెయ్యి తీస్తున్న అని.

ఆయన ఒక్కటి కొట్టాలె. కొడితే... ఆ చెయ్యి బయటికి వస్తది. కొట్టకుంటే అక్కడనే ఉంటది. బర్నబా ఊపిరి బిగపట్టిండు.

టక్. టక్. టక్.

ఇంక కింది నుంచి, మోకాలెత్తుల, ఆరిపోయిన పెదవుల చప్పుడు...

"బావ... జవాబు..."

సుత్తె చేతిలకెల్లి ఎట్ల జారిందో తెల్వది. షట్టర్ కింది నుంచి పాకి, వీపు గీరుకపోంగ, బర్నబా రోడ్డు మీద పడ్డడు. ఎన్కకు చూడలె. షట్టర్ దించలె. అప్పుడే కరెంటు వచ్చింది, దుకాండ్లల్ల దీపాలు ఉన్నయ్, జనం ఉన్నరు, చాయ హోటల్ల పాట నడుస్తున్నది. ఇంకా ఎనిమిది సుత కాలె. ఇంటికి పోతే తాళం. ప్రేమమ్మ ప్రార్థన కూటానికి పోయింది. ఆమె వచ్చేదాక అరుగు మీద కూసున్నడు, చేతులు ఒళ్ల పెట్టుకొని.

ఆమె వచ్చి తాళం తీసింది. లప్పం పొడితోని తెల్లగయిన ఆయన చేతులు చూసింది.

"చెప్పినవా?" అన్నది.

ఆయన లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

*

తెల్లారే వరకు ఒక్క మాట కూడగట్టుకున్నడు. బండి నాకు వద్దు. మోహన్ కాడికి తీస్కపో, కొయ్యమను, ఏమన్న చేసుకొమ్మను. ఇదే చెప్పాలె. ఇంకొకటి సుత చెప్పాలెనేమో. తొవ్వ పొడుగున అదే నోట్ల నాన్చుకుంట పోయిండు. ఎయిర్‌ఫోర్స్ బడి విమానాలు పైన గిర్ర గిర్ర తిరుగుతున్నయ్, ఎండ కొట్టింది. పగటి ఎండల రాత్రిది ఎంత చిన్నగ అవుతది!

శివానంద్ ముందే వచ్చి ఉన్నడు. ఎడమ మడ్‌గార్డు ముందట గొంతుకూసొని, చెయ్యి తియ్యకుండ నిమురుతున్నడు.

"మామ!" అన్నడు. కండ్లల్ల నీళ్లు. "ఇది సుత్తె దెబ్బ తిన్న రేకా? అద్దం లెక్క ఉన్నది గద. చుక్క లప్పం లేదు. మోహన్ అన్నకు ఇందాకనే ఫొటో పంపిన. ఆయన నోరు మూతపడ్డది. 'ఇట్ల చెయ్యాలంటే లోపల పట్టినోడు మా నాయిన అంతటోడు ఉండాలె' అన్నడు. ఎవరు పట్టిండ్రు మామ లోపల?"

బర్నబా నోట్ల నానిన మాట నాలుక చివరికి వచ్చింది. మడ్‌గార్డు మీద ఎండ పడ్డది. ఎంత సాపుగ ఉన్నది! బీదర్ల ఇట్లాంటిది చేసినోడు లేడు. ఇగ మోహన్ సుత తల దించిండు.

"ఎవరు పడ్తరు?" అన్నడు. "ఒక్కన్నే చేసిన."

శివానంద్ నవ్విండు. మంచి నవ్వే, ఎక్కసెక్కం లేదు. "ఆయన అన్నట్టే అన్నరు మామ."

"ఎవరు?"

"నిన్న ఏడింటికి ఫోన్ చేసిన గద మీకు. ఎవరో ఎత్తిండ్రు. 'బావ చేతుల పని ఉన్నది, ఆగు' అన్నడు. నేను పెట్టెయ్యలె. ఎన్క ఠంగ్ ఠంగ్ అని మీ సుత్తె వినపడుతుండె. బండి కొయ్యొద్దు, రీస్టోరే అన్నడు. రేపు అడిగి చూడు, బావ ఒక్కన్నే చేసిన అంటడు అన్నడు. మీ బామ్మర్దియా మామ? ఎన్నడు చూడలె."

బర్నబా ఫోన్ నిన్నంత ఇంట్లనే, అల్మారి మీద ఉండె. ఇంటికి తాళం ఉండె.

"ఇంక..." అన్నడు. "ఇంక ఏమన్నడు?"

"కుడి దిక్కు సుత ఇట్లనే ఉండాలె గద అన్న. అయితది అన్నడు. 'ఎడమ దిక్కు నేను లోపల పట్టిన, బావ కొడ్తున్నడు. కుడి దిక్కు బావ లోపల దిమ్మె పడ్తడు, నేను కొడ్త' అన్నడు." శివానంద్ లేచి మోకాళ్లు దులుపుకున్నడు. "ఇయ్యాలనే మొదలుపెడ్తరనుకుంట. అన్ని సిద్ధం చేసి పెట్టుకున్నరు గద."

బర్నబా కుడి దిక్కుకు పోయిండు. నిన్న ఆ దిక్కు ఆయన ముట్టనే లేదు.

చక్రం విప్పి గోడకు ఆనించి ఉన్నది. బోల్టులు ఒక్క వరుసల పేర్చి ఉన్నయ్. మడ్‌గార్డు కింద, చీకటి సందు ముందట, ఒక గోనెసంచి పరిచి ఉన్నది. నాలుగు మడతలు ఏసి, ముడత లేకుండ, ఒక ముసలి మనిషి సుఖంగ కూసుండేటట్టు.